ముప్పై ఒకటో పేరు

కోక్సెంగిర్ పల్లె, కజక్‌స్తాన్
14 ఆగస్టు 1988

తమ్ముడు సగిందిక్‌కి అక్క రౌషాన్ ఆశీస్సులు, వాటితో పాటు చీవాట్లు.

ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. మాస్కో రైల్లో కండక్టరుగా పోయే మన మక్సూత్ చేతికిస్తున్నాను. జవాబు కూడా వాడికే ఇవ్వు. టపాలో వేస్తే నీకంటే ముందు ముగ్గురు చదువుతారు. వాళ్ళ కోసం నేను కళ్ళు పొడుచుకుని రాయను.

నాకు ఉద్యోగం మారింది. రైల్వే స్టేషను క్యాంటీను నుంచి తీసుకొచ్చి, క్షిపణులు పేల్చే మైదానం దగ్గర అమెరికావాళ్ళకి వండి పెట్టమన్నారు. అవునురా, అమెరికావాళ్ళకే! నువ్వు జెనీవాలో కూర్చుని దుబాసీతనం చేసిన క్షిపణుల రద్దు ఒప్పందం ఇక్కడ మా నెత్తిన పేలుతోంది. మనవాళ్ళు తమ క్షిపణుల్ని తామే గోతిలో పేర్చి పేలుస్తారు. అమెరికావాళ్ళు దూరంగా నిలబడి లెక్క రాసుకుంటారు. ప్రతిదానికీ టేపు పెట్టి కొలుస్తారు, మీదున్న అంకెలు చదివి పుస్తకంలో ఎక్కిస్తారు. మనవైపు కెప్టెన్ లాప్తెవ్ అని ఒకడు వాళ్ళని అంటిపెట్టుకుని తిరుగుతాడు. వాడేమో నా గరిటెలు లెక్కపెడతాడు.

"'తినండి' అన్న మాట తప్ప నీ నోట్లోంచి ఇంకో మాట వచ్చిందో, నీ సంగతి చూస్తాను" అన్నాడు మొదటిరోజే.

"మళ్ళీ వడ్డించమంటే ఏమనాలయ్యా?" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు.

మొదటి పేలుడుకి నేను వంటింట్లో ఉన్నాను. ముందు నేల కదిలింది, తర్వాత చప్పుడొచ్చింది. అద్దాలన్నీ ఒక్కసారి లోపలికి వచ్చి పడ్డాయి. నేను వెళ్ళి పొయ్యికి కొట్టుకున్నాను, నుదురు చిట్లింది. పులుసులో గాజుపెంకులు. మూడు ఇళ్ళ అవతల కట్టేసిన చూడిగుర్రం తాడు తెంపుకుని పరిగెత్తి, గోడకి గుద్దుకుని, అక్కడే చచ్చిన పిల్లని ఈనింది. ఊళ్ళో ముసలాళ్ళు చెవుల్లోంచి నెత్తురు తుడుచుకున్నారు. పేలుడు బ్రహ్మాండంగా జరిగిందని సాయంత్రం రేడియోలో చెప్పారు.

ఇక అసలు సంగతికొస్తాను. బెరిక్ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఏప్రిల్లో వచ్చిందే ఆఖరు. డిసెంబరొస్తే నా కొడుకుని పట్టుకుపోయి రెండేళ్ళు. ఏం చేశాడని? మాస్కోవాళ్ళు ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి తెచ్చి మన నెత్తిన పెద్దగా కూర్చోబెడితే, ఆల్మా-అతా చౌకులో నిలబడి ఇదేం న్యాయమని అడిగాడు. పంతొమ్మిదేళ్ళవాడు. గడ్డకట్టే చలిలో నీళ్ళగొట్టాలు పెట్టారు, కుక్కల్ని వదిలారు, మట్టి తవ్వే పారలతో పిల్లల తలల మీద కొట్టారు. ఆసుపత్రిలో నేను చూసేసరికి వాడి ఎడమ చెవి సగం తెగి వేలాడుతోంది. నేను తలగుడ్డ విప్పి కట్టు కడుతుంటేనే మంచం మీంచి లాక్కుపోయారు. ఏడేళ్ళ శిక్ష. నువ్వప్పుడు ఒక్క తంతి కూడా కొట్టలేదు. సరే, పదవిలో ఉన్నవాడివి, అర్థం చేసుకున్నాను.

ఇప్పుడు మాత్రం చెయ్యి. అమెరికావాళ్ళు చర్చల్లో ఖైదీల పేర్ల జాబితాలు మనవాళ్ళ చేతికిస్తారని, అలా కొందరు బయటపడ్డారని ఊరంతా చెప్పుకుంటున్నారు. రోజుకి మూడుసార్లు వాళ్ళు నా బల్ల దగ్గర కూర్చుంటారు. రొట్టెలో ఒక చీటీ పెట్టడం నాకెంతసేపు? పెట్టనా? నువ్వు చెప్పేదాకా ఆగుతాను.

నీ అక్క
రౌషాన్


మాస్కో
5 సెప్టెంబరు 1988

ప్రియమైన అక్కకు,

వద్దు. కాళ్ళు పట్టుకుంటాను, ఆ పని మాత్రం చెయ్యకు.

నీకు బయటపడ్డవాళ్ళ సంగతే తెలిసింది. జాబితాలో పేరెక్కాక రాత్రికి రాత్రి ఇంకో శిబిరానికి మార్చినవాళ్ళ సంగతి తెలియదు. దేశం పరువు బజారుకీడ్చాడని పళ్ళు రాలగొట్టినవాళ్ళూ ఉన్నారు. పైగా లాప్తెవ్ లాంటివాడు నీ పక్కనే ఉన్నాడు. చీటీ దొరికితే నిన్నూ తీసుకుపోతారు, నన్నూ తీసుకుపోతారు. అప్పుడు బెరిక్ కోసం అడిగే దిక్కెవరు?

నేను నా దారిలో ప్రయత్నిస్తున్నాను. పెద్దాయన ఒకరికి అర్జీ పెట్టాను. కొత్త సంవత్సరం దాకా ఓపిక పట్టు.

నా పని ఎలాంటిదో నీకు తెలియదక్కా. మొన్న ఒక క్షిపణి పెట్టె పొడవు గురించి ఆరురోజులు పోట్లాడుకున్నారు. వాళ్ళ సైన్యాధికారి బల్ల గుద్ది కోప్పడితే, నేను గుద్దకుండానే ఆ కోపమంతా మనవాళ్ళకి వినిపించాలి. మనాయన "నువ్వు అబద్ధమాడుతున్నావు" అంటే నేనూ వాళ్ళ కళ్ళలోకి చూసి అలాగే అనాలి. సాయంత్రానికి నా నోట్లో నాదంటూ ఒక్క మాట మిగలదు. ఇంటికెళ్ళి ఆడపిల్లలిద్దరితో కూడా మాట్లాడబుద్ధి కాదు.

నుదుటి మీది దెబ్బ ఎలా ఉంది?

నీ తమ్ముడు
సగిందిక్


కోక్సెంగిర్
24 నవంబరు 1988

శ్రీ దుబాసీగారికి,

నీ ఓపిక నువ్వే పట్టుకో. నేను బెరిక్ దగ్గరికి వెళ్ళొచ్చాను.

నాలుగురోజులు రైల్లో, ఆపైన కట్టెల లారీలో. మూటలో పేగుల్లో కూరి ఎండబెట్టిన గుర్రపు మాంసం, ఉన్ని మేజోళ్ళు రెండు జతలు. శిబిరం గేటు దగ్గర తెల్లారి నుంచి మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. చివరికి ఒకడొచ్చి, "నీ కొడుకు శిక్షగదిలో ఉన్నాడు, చూడ్డానికి వీల్లేదు, ఉత్తరాలకీ వీల్లేదు, మూట ఇచ్చి పో" అన్నాడు. ఇచ్చాను. సంతకం చేయించుకుని తీసుకున్నాడు.

అప్పుడే దుంగలు మోసే గుంపు లోపలికి పోతోంది. వరసలో ఒక కుర్రాడు జారిపడ్డాడు. కాపలావాడు తుపాకీ మడమతో వాణ్ణి కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి కాదు, రెండు కాదు. ఏదో కొలిమి పని చేస్తున్నట్టు నింపాదిగా కొడుతున్నాడు. ఆ పిల్లాడి మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది. వెనకనుంచి చూస్తే బెరిక్ లాగే ఉన్నాడు. నేను కంచె దాకా పరిగెత్తాను. "ఒరేయ్ దొంగసచ్చినోడా, నీకు తల్లి లేదా!" అని అరిచాను. గేటు దగ్గరివాడు నా మొహం మీద తుపాకీ కర్రతో ఒక్కటిచ్చాడు. పై పళ్ళు రెండు మంచులో పడ్డాయి. తీసి జేబులో వేసుకున్నాను, వాళ్ళకెందుకు వదలాలి?

తిరిగొచ్చాక కెప్టెన్ లాప్తెవ్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. నేను ఎక్కడికెళ్ళానో వాడికి ముందే తెలుసు. "మీవాడి గురించి కనుక్కున్నాను, బాగా తింటున్నాడు, ఒళ్ళు కూడా చేశాడు. నువ్వు నోరు మూసుకుని వంట చేసుకుంటే వాడికే నష్టమూ రాదు" అన్నాడు. నేను తల ఊపాను. నేను, రౌషాన్‌ని, వాడి ముందు తల ఊపాను! తర్వాత గోధుమపిండిలో మొహం దాచుకుని ఏడ్చాను.

ఇంకో మాట. నిన్న మక్సూత్ మూడు గ్లాసులు పుచ్చుకుని నోరు జారాడు. బెరిక్‌ని పట్టుకున్న నెలకే, వాడితో నీకే సంబంధమూ లేదని నువ్వు కాగితం మీద సంతకం చేశావట. నిజమా? మేనమామవి నువ్వు. వాడికి పేరు పెట్టినవాడివి. అవునో కాదో ఒక్క మాట రాయి. దానికి దుబాసీ అక్కర్లేదు.

రౌషాన్


మాస్కో
20 డిసెంబరు 1988

అక్కా,

అవును.

నిరుడు జనవరిలో ఒక గదిలోకి పిలిచారు. కాగితం అప్పటికే టైపు కొట్టి ఉంది. "పౌరుడు బెరిక్ నేరాన్ని ఖండిస్తున్నాను, అతనితో నాకే సంబంధమూ లేదు, ఉండబోదు." చదవడానికి నిమిషమిచ్చారు. కలం వాళ్ళదే. సంతకం పెట్టకపోతే ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి అన్నీ పోతాయని వాళ్ళు చెప్పనే లేదు, చెప్పాల్సిన పని లేకపోయింది. పదవిలో ఉంటేనే వాడికి సాయం చెయ్యగలనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇంటికొచ్చి రెండురోజులు అన్నం తినలేదు. మూడోరోజు తిన్నాను.

నువ్వు ఎంత తిట్టినా పడతాను. నీ పళ్ళు రాలాయని చదివి అద్దం మీద గుద్దాను, చేతికి ఏడు కుట్లు పడ్డాయి. దానివల్ల నీకేం ఒరిగింది? ఏమీ లేదు.

అర్జీ పెద్దాయన బల్ల మీదే ఉంది. చీటీ మాత్రం పెట్టకు.

సగిందిక్


కోక్సెంగిర్
22 జనవరి 1989

సగిందిక్,

చీటీ పెట్టేశాను.

వాళ్ళలో హెండ్రిక్స్ అని ఎర్రగడ్డం కుర్రాడున్నాడు, వాళ్ళ దుబాసీ. "మిక్కిలి రుచికరముగా నున్నది, అమ్మగారూ" అంటాడు, పాఠం అప్పజెప్పినట్టు. నూనెలో వేయించిన పిండిముద్దలంటే వాడికి ప్రాణం. ఒకదాన్లో చీటీ చుట్టి పెట్టాను. బెరిక్ పేరు, పుట్టిన తేదీ, శిబిరం పేరు. అంతే. పళ్ళెంలో వాడివైపు ఉండేట్టు పెట్టాను. లాప్తెవ్ వాడికి ఎదురుగానే కూర్చున్నాడు.

వాడు కొరికాడు. ఆగాడు. లాప్తెవ్ "ఏమైంది?" అన్నాడు. "వేడిగా ఉన్నది" అని ఆ ఎర్రగడ్డం తాపీగా నమిలి, మిగతా సగం కాగితపు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. తెలివైనవాడు.

మర్నాడు నాలుగు క్షిపణులు ఒకేసారి పేల్చారు. మన సిపాయి ఒకడు గొయ్యికి దగ్గరగా ఉండిపోయాడు. ఇనపముక్క వచ్చి భుజం దగ్గర చెయ్యి తీసుకుపోయింది. వాణ్ణి నా వంటబల్ల మీదే పడుకోబెట్టారు. రొట్టెలు చేసే బల్ల. "అమ్మా, అమ్మా" అంటూ నా కొంగు పట్టుకుని అక్కడే ప్రాణం వదిలాడు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో, ఉక్రెయిన్ పిల్లాడు. అమెరికావాళ్ళ పుస్తకంలో ఆ రోజు నాలుగు అని రాసుకున్నారు.

నీ అర్జీ ఉంటే ఉంచుకో. నీతో నాకు మాటల్లేవు. బెరిక్ ఇంటికొచ్చాక వాడు క్షమిస్తే నేనూ క్షమిస్తాను.

రౌషాన్


జెనీవా
19 ఏప్రిల్ 1989

అక్కా,

నువ్వు మాట్లాడనన్నావు. అయినా రాస్తున్నాను. దీన్ని నేనే మాస్కోకి తెచ్చి మక్సూత్‌కి ఇస్తాను.

ఆరోగ్యం ఎలా ఉంది? దోసాన్ తాత బాగున్నాడా? ఆయన అప్పుడప్పుడూ నీ దగ్గరికొచ్చి కూర్చుంటున్నాడా? ఇంట్లో ఒక్కదానివే ఉండకు. పెద్దపిన్నిని పిలిపించుకుని కొన్నాళ్ళు ఉంచుకో. ఆవిడ గురక భరించలేనని నువ్వంటావు, నాకు తెలుసు. ఆ గురక ఉన్నా మంచిదే.

బెరిక్‌కి ఐదేళ్ళప్పుడు వాణ్ణి మొదటిసారి గుర్రం ఎక్కించాను, గుర్తుందా? పగ్గం పట్టుకుంటానంటే వద్దన్నాడు. కింద పడ్డాడు. ఏడవకుండా లేచి నాకేసి చూసి, "మామా, నువ్వు చూళ్ళేదుగా?" అన్నాడు. చూళ్ళేదన్నాను. ఇవాళ పొద్దున్నుంచీ అదే తలపుకొస్తోంది.

వేసవిలో సెలవు అడుగుతున్నాను. ఇవ్వగానే వస్తాను. అప్పటిదాకా ఏమీ చెయ్యకు, ఎవరినీ ఏమీ అడగకు. వేళకి తిను.

సగిందిక్


కోక్సెంగిర్
10 జూన్ 1989

సగీ,

నీకేమైందిరా? ముప్పై ఏళ్ళుగా దోసాన్ తాత ఉన్నాడో పోయాడో అడగనివాడివి, నేను తిన్నానా లేదా అడగనివాడివి! నీ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టాను. మూడోసారి చదవడానికి ధైర్యం చాల్లేదు.

పోయిన శుక్రవారం దోసాన్ తాత మా ఇంటికొచ్చాడు. ఒక్కడే కాదు, నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. శుభ్రమైన టోపీలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. టీ పోశాను. ఎవరూ నా కళ్ళలోకి చూడరు. తాత గొంతు సవరించుకుని, "రౌషాన్ తల్లీ, ఒకాయన దగ్గర డేగ ఒకటుండేదమ్మా" అని మొదలుపెట్టాడు. "రెక్కలు బాగా వచ్చిన డేగ. ఒకరోజు మబ్బులోకి ఎగిరింది. ఆయన చెయ్యి చాపి నిలబడ్డాడు..." అక్కడ తాత ఆగాడు. మిగతాది చెప్పలేక టీ గిన్నెలోకి చూస్తూ కూర్చుండిపోయాడు.

డేగ కథ మనలో ఎవరింట్లో చెబుతారో, ఎందుకు చెబుతారో తెలియనిదాన్నా నేను? చావుకబురు ఉత్తరంలో రాయకూడదు, సూటిగా చెప్పకూడదు, దగ్గరివాళ్ళకి ఆఖరున చెప్పాలి, పుట్టింటి మగవాడు పక్కనుండాలి. ఊరంతటికీ తెలిసినా తల్లికి తెలియకూడదు. నేనే ఎన్ని ఇళ్ళలో అలా మూలన కూర్చుని తల వంచుకోలేదు!

"తాతా, టీ చల్లారిపోతోంది తాగండి. డేగ తిరిగొస్తుందిలెండి" అన్నాను. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి నా వాకిలి ముందు నుంచి పోయేవాళ్ళు నవ్వుతున్నా చప్పున ఆపేస్తున్నారు. పక్కింటావిడ కూతురి పెళ్ళికి కుడుతున్న దుప్పటి చాటున పెట్టేసింది. మే నెలలో మక్సూత్ వచ్చి దోసాన్ తాత చేతికి ఒక కవరిచ్చాడు, నేను చూశాను. అది నీదే. నువ్వు ఊరికి చెప్పావు. నాకు చెప్పలేదు. నీ సెలవు కోసం ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. నేను క్యాంటీనులో అమెరికావాళ్ళకి రొట్టెలు కాల్చిపెడుతున్నాను. లాప్తెవ్ మొన్న కూడా నా భుజం తట్టి, "మీవాడు క్షేమం" అన్నాడు.

సగీ, పద్ధతి నాకొద్దు. ఆ బాధ్యత నుంచి నిన్ను విడిచిపెడుతున్నాను. పాపమేదైనా ఉంటే నాది. నా కొడుకు డేగ కాదు. తెగిన చెవితో, మొటిమల మొహంతో, ఉల్లిపాయ తినని పిల్లాడు. ఉత్తరంలోనే రాయి. ఎప్పుడు, ఎలా, ఎవరు చెప్పారు, అన్నీ రాయి. దాచావో, మన అమ్మ మీద ఒట్టు, ఈ జన్మలో నీ మొహం చూడను.

అక్క


మాస్కో
12 ఆగస్టు 1989

అక్కా,

బెరిక్ చనిపోయాడు.

ఈ రెండు మాటలు రాయడానికి నెల పట్టింది. సెలవు రాలేదు, ఇక రాదు. నువ్వు అడిగినట్టే అన్నీ రాస్తాను.

ఏప్రిల్ పద్దెనిమిది, జెనీవా. క్షిపణుల పని అయిపోయాక, కాగితాలు సర్దుకునే వేళ, అమెరికా వైపు పెద్దాయన ఇంకో కాగితం తీశాడు. పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరూ నేను మనవాళ్ళకి తిరిగి చెప్పాలి. ముప్పై దాటాయి. ముప్పై ఒకటో పేరు వాళ్ళాయన నోట్లో నలిగిపోయి వచ్చింది. నాకు మాత్రం అర్థమైంది. నీ చీటీ అక్కడిదాకా చేరిందక్కా. నేను సరైన ఉచ్చారణతో, తండ్రి పేరుతో సహా, మనవాళ్ళకి చెప్పాను. నా గొంతు వణకలేదు. నేర్పిన విద్య అలాంటిది.

మనవైపు ఒకాయన దస్త్రం తిప్పి, ఒక్కొక్కరి గురించీ జవాబు చదివాడు. ముప్పై ఒకటో పేరు దగ్గర, "ఈ పౌరుడు 1988 జూన్ తొమ్మిదిన ఊపిరితిత్తుల వాపుతో మరణించాడు" అన్నాడు. అది నేను ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పాను. "విచారిస్తున్నాము" అని ఆయన చివర్న చేర్చాడు, అదీ చెప్పాను. అమెరికా ఆయన పేరు పక్కన గీత గీసి ముప్పై రెండుకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఇంకా పదకొండు పేర్లున్నాయి. అన్నీ అయ్యాక మరుగుదొడ్డికి పోయి, చేతిరుమాలు నోట్లో కుక్కుకుని అరిచాను.

తేదీ చూశావా అక్కా? నువ్వు మొదటి ఉత్తరం రాసేసరికే రెండు నెలలు దాటింది. నువ్వు గేటు దగ్గర పళ్ళు పోగొట్టుకున్ననాటికి ఐదు నెలలు. శిక్షగదిలో ఎవరూ లేరు. నీ మేజోళ్ళు, మాంసం ఆ కాపలావాళ్ళు పంచుకున్నారు. లాప్తెవ్‌కి మొదటినుంచీ తెలుసు.

ఇంకో నిజం. పెద్దాయనకి నేను ఏ అర్జీ పెట్టలేదు. రాశాను, సొరుగులో పెట్టాను. ఇవాళ ఇద్దాం, రేపు ఇద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఇచ్చినా అప్పటికే వాడు లేడని నువ్వనుకోవచ్చు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు కదా.

ఊపిరితిత్తుల వాపు అబద్ధం. జులైలో ఒక జార్జియా మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. శిబిరంలో బెరిక్ పక్క బల్ల మీద పడుకునేవాడట. మనవాళ్ళలో ఈ ఒప్పందం గిట్టనివాళ్ళు చాలామంది ఉన్నారు, జెనీవా బృందంలో ఒక ద్రోహిని చూపిస్తే చర్చలు చెడతాయని వాళ్ళ ఆశ. వాళ్ళు బెరిక్ ముందు ఒక కాగితం పెట్టారు. "చౌకుకి పొమ్మని నన్ను పురెక్కించింది మా మేనమామ సగిందిక్. అమెరికావాళ్ళకి రహస్యాలు చేరవేస్తున్నదీ ఆయనే." సంతకం పెడితే మర్నాడే ఇంటికి పంపిస్తామన్నారు.

పెట్టనన్నాడు. చలిగదిలో వేశారు. పక్క గదిలో ఆ జార్జియా మనిషినీ వేశారట, అన్నీ విన్నాడు. నలుగురు, మూడురోజులు. కాళ్ళు కట్టేసి, తడిగుడ్డలో ఇసుక నింపి నడుం మీద కొట్టారు, పైకి దెబ్బ కనపడకూడదని. రెండోరోజుకి నెత్తురు పోసుకున్నాడు. వేళ్ళు తలుపుసందులో పెట్టి నొక్కారు. నేను సంతకం చేసిన కాగితం తెచ్చి చూపించి, "నిన్ను కాదన్నవాడి కోసం చస్తావా?" అన్నారట. వాడు చదివి, "మా మామ నాకు గుర్రం ఎక్కడం నేర్పాడు. ఇంకేమీ నేర్పలేదు. అదే రాసుకోండి" అన్నాడు. నాలుగోరోజు పొద్దున తలుపు తీసేసరికి బిగుసుకుపోయి ఉన్నాడు.

వాడి మీద నేను సంతకం పెట్టాను. నా మీద వాడు పెట్టలేదు.

అక్కా, ఈ తర్వాత ఏం రాయాలో నాకు తెలియదు.

సగిందిక్


కోక్సెంగిర్
24 సెప్టెంబరు 1989

సగీ,

నీ ఉత్తరం క్యాంటీనులోనే చదివాను, నిలబడి. తర్వాత ఆరోజు వంట పూర్తిచేశాను. గొర్రెమాంసం పులుసు, పెద్ద డేగిసాలో. పన్నెండింటికి పేలుడు, పేలుడు తర్వాత భోజనం. అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. లాప్తెవ్ గిన్నె చాపి, "ఇవాళ కొవ్వు ఎక్కువగా వెయ్యి రౌషాన్" అన్నాడు. మొహం నిండా నవ్వు.

వేశాను. డేగిసా ఎత్తి మొత్తం వేశాను. నెత్తి మీంచి, మొహం మీద, మెడలోకి. వాడి కేక పేలుడు కంటే పెద్దగా వినపడింది. చర్మం కాలరుతో పాటు ఊడొచ్చింది. నా చేతులూ మోచేతుల దాకా కాలాయి, ఈ ఉత్తరం పక్కింటావిడ చేత రాయిస్తున్నాను. కింద పడి పొర్లుతున్నవాణ్ణి గరిటెతో కొడుతుంటే ముగ్గురు కలిసి నన్ను పట్టుకున్నారు.

ఎర్రగడ్డం హెండ్రిక్స్ పాలిపోయి నిలబడ్డాడు. "అమ్మగారూ, ఇది ప్రమాదమా?" అన్నాడు.

"కాదు నాయనా. మీరన్నీ రాసుకుంటారుగా, ఇదీ రాసుకోండి. బెరిక్, ఇరవై ఒక్క ఏళ్ళు, ఒక్కడు" అన్నాను. వాడు పుస్తకం తీసి నిజంగానే రాసుకున్నాడు.

లాప్తెవ్ చావలేదు. ఒక కన్ను పోయిందట. అమెరికావాళ్ళు చూస్తుండగా వంటమనిషిని సంకెళ్ళు వేసి తీసుకుపోతే బాగుండదని నన్ను ఇంటి దగ్గరే ఉంచి వాకిట్లో ఇద్దరు సిపాయిల్ని పెట్టారు. అక్టోబరు నెలాఖరుకి ఆఖరి క్షిపణి పేలుస్తారు. వాళ్ళు విమానం ఎక్కగానే నన్ను ఎక్కించుకుపోతారు. ఎన్నేళ్ళో వాళ్ళిష్టం.

ఊళ్ళోవాళ్ళకి నేనే చెప్పాను. గడప మీద నిలబడి, "నా కొడుకుని కొట్టి చంపారు" అని అరిచాను. డేగా లేదు, మబ్బూ లేదు. ఊరు ఊరంతా ఒక్కసారి గొల్లుమంది. పదిహేను నెలల ఏడుపు బాకీ ఉండిపోయింది కదా. బుగ్గలు గీరుకుని, గోడకేసి తిరిగి, వాడి పాట కట్టి ఏడుస్తున్నాను. ఆ చెవి గురించి కూడా కట్టాను. సిపాయిల్లో ఒకడు వింటూ కళ్ళు తుడుచుకున్నాడు.

సెలవు ఇవ్వకపోయినా రా. ఉద్యోగం ఊడితే ఊడనీ. దోసాన్ తాత గుర్రం ఇస్తానన్నాడు. మేనమామ ఎలా రావాలో నీకు తెలుసు. కొండ దగ్గర్నుంచి దౌడు తీస్తూ, "అయ్యో నా బిడ్డా" అని గొంతు పగిలేలా అరుస్తూ, ఊరంతా వినేలా నా గడప దాకా రావాలి. నీ సొంత గొంతుతో.

నిన్ను శపిద్దామనే కూర్చున్నానురా. నీ కడుపు కాలా, నీ వంశం నాశనం కానూ అని మొదలుపెట్టబోయాను. నోరు రాలేదు. ఎముకలు విరగ్గొడుతున్నా వాడు నిన్ను కాపాడుకున్నాడు. వాడు కాపాడినదాన్ని నేనెలా పాడుచెయ్యను? నిన్ను తిట్టే హక్కు కూడా నా కొడుకు నాకు మిగల్చలేదు.

వాళ్ళు నన్ను తీసుకుపోయేలోపు రా.

అక్క